ఇంటర్వెల్ కబుర్లు: గేటు తీస్తే తొలి సీను

మన తెలుగు సినిమా హీరోల్లో కలెక్టర్లున్నారు, డాక్టర్లున్నారు, రిక్షా తొక్కినవాళ్ళున్నారు. దొంగలకైతే లెక్కే లేదు! కానీ ఆంధ్రదేశాన్ని ఒక ఊపు ఊపిన మొదటి తరం హీరో ఎవరయ్యా అంటే... తోటమాలి కొడుకు. అవునండీ, 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో మన తోటరాముడు! రాజకుమారిని ప్రేమించాడు, మాంత్రికుణ్ణి మట్టి కరిపించాడు, మేడలు సృష్టించాడు. అంతా చేసిన ఆ మనిషి ఇంటిపేరులా తగిలించుకున్నది మాత్రం 'తోట'నే.

ఆ తర్వాత మన సినిమాలకి తోట అంటే ఒకటే అర్థం అయిపోయింది. డ్యూయెట్టు! హీరో చెట్టు ఇటు పక్క, హీరోయిన్ అటు పక్క. లేదంటే జమీందారుగారి బంగళా ముందు పచ్చటి లాను, తెల్లటి కేను కుర్చీలు, టీ కప్పులు, వరసగా క్రోటన్ కుండీలు, పోర్టికోలో ఆగిన పొడుగాటి కారు. ఆ సీను చూసి "మనకీ ఇల్లుంటే ముందు అలాగే పెట్టుకోవాలి" అనుకోనివాళ్ళెవరో చెప్పండి చూద్దాం!

ఈ వారం ఆ మాటే మాట్లాడుకుందాం. ఎందుకంటే, గుంటూరు పొలిమేరల నుంచి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. సంగతి ఇదీ. వాళ్ళు రెండొందల గజాల్లో కొత్తిల్లు కట్టుకున్నారు. ఇల్లు పడమటి ముఖం. వీధివైపు వెడల్పు నలభై అడుగులు, ఇంటికీ ప్రహరీకీ మధ్య ఖాళీ పదిహేను అడుగులు. మూలన, ప్రహరీని ఆనుకుని, ఇల్లు పుట్టకముందు నుంచీ ఉన్న వేపచెట్టు. నాన్నగారేమో చెట్టు కొట్టించి, మొత్తం సిమెంటు చేయించి, పైన టైల్సు పరిపిస్తే దుమ్మూ ధూళీ ఉండదంటున్నారు. అమ్మకి తులసికోట, రెండు మల్లెపొదలు కావాలట. చెల్లెమ్మకి సినిమాలో లాంటి లాను కావాలట. మేస్త్రీ వచ్చే వారం వస్తానన్నాడట. "అన్నయ్యా, చెట్టు పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

మంచి క్లైమాక్సే! ఇంతకీ ఈ కేసులో విలన్లు ఎవరూ లేరు. ముగ్గురూ ఇంటి మంచే కోరుతున్నారు. కానీ ముగ్గురి లెక్కా ఒకసారి సరిచూడాలి.

సెట్టు వేరు, సంసారం వేరు

సినిమాలో కనిపించే తోట సంగతి ముందు తేల్చేద్దాం. సెట్టులో కుండీలు లారీలో వస్తాయి. కుండీ కనపడకుండా చుట్టూ మట్టీ గడ్డీ కప్పుతారు. షాట్ అయిపోగానే మళ్ళీ లారీ ఎక్కుతాయి. వాటికి మే నెల ఎండతో పని లేదు, నీళ్ళ ట్యాంకరు బిల్లుతో అసలే లేదు. ఒక్క షెడ్యూలు బతికితే చాలు. మన ఇంటి ముందు తోట అలా కాదు, పాతికేళ్ళు ఆడాల్సిన బొమ్మ!

ఇక అవుట్‌డోరు పాటలంటారా? మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ ఆనకట్ట కింద ఉన్న బృందావన్ గార్డెన్స్ మన హీరో హీరోయిన్లకి ఒకప్పుడు పుట్టినిల్లు లాంటిది. 1932 నాటికి తయారైన ఆ తోట వెనకాల అప్పటి మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్‌గారి పట్టుదల ఉంది. ఆనకట్టలో బోలెడన్ని నీళ్ళూ ఉన్నాయి. నీళ్ళున్నచోట ఫౌంటెన్లు ఆడతాయి. మన బోరు రెండొందల అడుగుల లోతులో దగ్గుతుంటే ఫౌంటెన్ ఎక్కడిది?

ఊటీ పాటల సంగతి మరీ గమ్మత్తు. ఊటీ సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందని భౌగోళిక శాస్త్రం చెబుతుంది. అంటే గుంటూరుకీ ఊటీకీ ఇంచుమించు పధ్నాలుగు డిగ్రీల తేడా! హీరోయిన్ బుగ్గకి ఆనించుకున్న ఆ నీలం హైడ్రేంజియా బంతి, ఆ డాలియాలు, ఆ గడ్డి, అన్నీ చలిప్రాంతపు బిడ్డలు. వాటిని తెచ్చి మన వీధిలో నాటితే ఏప్రిల్ దాటేలోపే సంతాపసభ పెట్టుకోవాలి.

మరి మన వేడికి తగ్గ అందం లేదా? ఎందుకు లేదూ! బ్రెజిల్ దేశంలో రాబర్టో బుర్లె మార్క్స్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు (1909-1994). కుర్రతనంలో బెర్లిన్ వెళ్ళాడు. అక్కడి డాలెం బొటానికల్ గార్డెన్‌లో, అద్దాల గదుల్లో, ఎంతో అపురూపంగా పెంచుతున్న మొక్కల్ని చూసి ఆశ్చర్యపోయాడు. అవన్నీ తన దేశపు అడవుల్లో ఎవరూ పట్టించుకోనివి! తన ఊళ్ళో ధనవంతులేమో యూరప్ మొక్కలు తెప్పించి ఇంటి ముందు పెట్టుకుంటున్నారు. తిరిగొచ్చాక ఆయన సొంత దేశపు మొక్కల్నే హీరోలుగా పెట్టి తోటలు కట్టాడు. ఉష్ణదేశాల తోటలకి ఒక కొత్త ఒరవడి పెట్టాడు. ఆయన తోట ఒకటి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం కూడా అయింది. ఎక్స్‌ట్రాల గుంపులోంచి హీరోని పట్టుకోవడమంటే అదీ! మన తంగేడు, మన పారిజాతం, మన నందివర్ధనం కూడా అలాంటి పిలుపు కోసమే చూస్తున్నాయి.

లైటింగ్ డైరెక్టర్ సూర్యుడు

తోట వేసే ముందు మొక్కల అంగడికి పరిగెత్తకండి. ముందు ఒక రోజంతా ఇంటి ముందు కూర్చుని ఎండ ఎలా నడుస్తుందో చూడండి. ఉదయం ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి నీడ ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీయండి. ఖర్చు లేని పని.

మన ప్రాంతంలో సూర్యుడు ఒక తమాషా చేస్తాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పెట్టిన కర్రకి నీడే పడదు! ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపుకి జరుగుతాడు. అందుకే "ఉత్తరం వైపు ఎండే రాదు" అని నమ్మి అక్కడ నీడమొక్కలు పెట్టినవాళ్ళు జూన్‌లో ఎండిపోయిన ఆకులు ఏరుకుంటారు. చలికాలంలో దీనికి తిరగబడి, దక్షిణ ముఖం ఇళ్ళకి రోజంతా ఏటవాలు ఎండ వస్తుంది. తూర్పు ముఖానికి లేత ఎండ. అది అన్ని మొక్కలకీ పథ్యం. పడమటి ముఖానికి... ఆ సాయంత్రపు ఎండ సంగతి అడక్కండి! మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా గోడని కాల్చి, రాత్రి పదింటిదాకా ఆ వేడి ఇంట్లోకి పంపిస్తుంది.

చెల్లెమ్మ వాళ్ళ ఇల్లు పడమటి ముఖం అన్న సంగతి గుర్తుంచుకోండి. అక్కడికే వస్తున్నాను.

వేపచెట్టు కేసు

నాన్నగారి వాదన మొత్తం సిమెంటు. సిమెంటు పగలంతా ఎండ తాగి రాత్రి వేడి కక్కుతుంది. పడమటి ముఖం ఇంటి ముందు ఆరువందల చదరపు అడుగుల సిమెంటు అంటే, హాలు ముందు పెనం పెట్టుకున్నట్టే. అదే చోట వేపచెట్టు ఉంటే? సాయంత్రపు ఎండకి అది అడ్డం నిలుస్తుంది. పైగా ఆకుల్లోంచి నీటి ఆవిరి వదులుతూ చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది. కరెంటు బిల్లు లేని ఏసీ! ఈ నీడని ఈ రోజు మొక్క నాటి సంపాదించాలంటే పదేళ్ళు పడుతుంది. కొట్టడానికి మాత్రం ఒక పూట చాలు.

ఇక పెద్దవాళ్ళ వాస్తు మాటకొస్తే, పెద్ద చెట్లు దక్షిణానా పడమరా ఉంటే మంచిదనే సాధారణంగా చెబుతారు. ఎండ లెక్కా అదే చెబుతోంది. ఇక్కడ శాస్త్రమూ సెంటిమెంటూ ఒకే ఫ్రేములో నిలబడ్డాయి, వాడుకోండి!

"వేళ్ళు పునాది పగలగొడతాయేమో" అన్నది నాన్నగారి అసలు భయం కావచ్చు. అది తీసిపారేయదగ్గ భయం కాదు. గుంటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. చెట్టు నీళ్ళు లాగితే నేల కుంగొచ్చు, నిజమే. కానీ పెద్దచెట్టుని హఠాత్తుగా తీసేసినా ప్రమాదమే. అది ఇన్నాళ్ళూ తాగిన నీళ్ళు ఇక మట్టిలోనే ఉండిపోయి నేల ఉబ్బొచ్చు. కాబట్టి కొట్టించే ముందు ఇల్లు కట్టిన ఇంజనీరుని పిలిచి, చెట్టుని, మట్టిని, పునాది లోతుని చూపించి అడగండి. ఇంటిగోడకి పన్నెండు అడుగుల దూరంలో చెట్టుంటే, అది ఉన్నదని తెలిసే పునాది వేసి ఉంటే, కొమ్మలు దిద్దుకుంటూ ఉంచుకోవచ్చని ఆయనే అనే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి. 2002లో వచ్చిన 'వాల్టా' చట్టం ఉంది. నీరు, భూమి, చెట్ల చట్టమన్నమాట. చెట్టు మన స్థలంలోదే అయినా కొట్టే ముందు అనుమతి సంగతి అధికారుల దగ్గర కనుక్కోవాలి. మేస్త్రీ గొడ్డలి తెచ్చాక కనుక్కోవడం కాదు!

చెట్టు ఉంచుకుంటే ఒక్క జాగ్రత్త. మొదలు చుట్టూ కనీసం నాలుగడుగుల మేర మట్టి వదిలేయాలి. చాలామంది మొదటికంటా సిమెంటు పోసి, చుట్టూ అరుగు కట్టి, అందులో మట్టి ఎత్తుగా నింపేస్తారు. వేళ్ళకీ ఊపిరి కావాలి కదండీ! గొంతుదాకా కప్పితే ఏ హీరో అయినా ఎన్నాళ్ళు డైలాగు చెబుతాడు?

"కారు మీద ఆకులూ, పిట్టల రెట్టలూ పడతాయి" అంటారా? పడతాయి. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగు పట్టుకుని చూశాక, ఆ రెట్టల్ని తడిగుడ్డతో తుడుచుకోవడమే సుఖమనిపిస్తుంది.

లాను కలకి ఇంటర్వెల్

ఇప్పుడు చెల్లెమ్మ వంతు. కోప్పడకూడదు మరి!

లెక్క వేద్దాం. ముందున్న జాగా నలభై ఇంటూ పదిహేను, ఆరువందల చదరపు అడుగులు. చిన్నకారు పొడవు పదమూడు అడుగులు. దానికి పదీ పదిహేను అడుగుల చోటు ఇస్తే నూటయాభై పోయింది. గేటు నుంచి గడపదాకా నాలుగడుగుల బాట, అరవై. మిగిలింది మూడొందల తొంభై, అంటే 36 చదరపు మీటర్లు. అదంతా లాను వేస్తే ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజుకి ఐదారు లీటర్ల నీళ్ళు కావాలి. అంటే రోజుకి రెండొందల లీటర్లు! పదిహేను లీటర్ల బిందెతో పదమూడు, పధ్నాలుగు బిందెలు. దానికి తోడు కత్తిరింపు, కలుపు, ఎరువు. పైగా వేప నీడలో గడ్డి సరిగ్గా పట్టదు. బట్టతల మీద వెంట్రుకల్లాగా అక్కడోటి, ఇక్కడోటి.

పోనీ ప్లాస్టిక్ గడ్డి పరిస్తే? చూడ్డానికి బావుంటుంది. మధ్యాహ్నం చెప్పులు లేకుండా నిలబడండి, తెలుస్తుంది. ఎండకి అది తారురోడ్డులా కాలుతుంది. నీటి ఆవిరితో చల్లబరచడం దానికి చేతకాదు.

అయినా ఆశ చంపుకోమనను. ఎండ బాగా తగిలే చోట, నాలుగు కుర్చీలు పట్టేంత, పది అడుగులూ పది అడుగులూ గడ్డి వేసుకోండి. అందులో పెట్టాల్సింది ఏ గడ్డో తెలుసా? మన గరిక! వినాయకచవితికి పత్రిలో వాడే ఆ గరికనే 'బెర్ముడా గ్రాస్' అని పేరు మార్చి ఊరేగిస్తారు. సినిమావాళ్ళు పేరు మార్చుకున్నట్టే! ఎండకి ఎండినట్టు నటిస్తుంది, ఒక్క వాన పడగానే రెండో రిలీజులో వందరోజులు ఆడుతుంది.

నటీనటుల ఎంపిక

హీరో వేప. ఇక మిగతా పాత్రలు చూద్దాం. ఒక్క మాట, మొక్కని ఇవాళ ఉన్న సైజుకి కాక, ఐదేళ్ళ తర్వాతి సైజుకి చోటివ్వాలి. నర్సరీలో జానెడు ఉన్నది రేపు నిలువెత్తు అవుతుంది.

అమ్మగారి మల్లె హీరోయిన్. దీనికి రోజుకి ఆరుగంటల ఎండ కావాలి, కాబట్టి వేపకి దూరంగా అటు మూలన పెట్టండి. కార్తీకం దాటాక నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వేసవికి విరగబూస్తుంది. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే ఆకులే తప్ప మొగ్గలుండవు. అన్నట్టు, 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మల్లెని రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్రపుష్పం తంగేడు, బతుకమ్మకి ప్రాణం లాంటి పువ్వు. నీళ్ళు అంతగా అడగదు, పచ్చటి పసుపురాశిలా పూస్తుంది. హైదరాబాదు, పాలమూరు, అనంతపురం వైపువాళ్ళు దీన్ని గేటు పక్కన పెట్టి చూడండి.

గేటుపైన ఆర్చీకి ఏం పాకించాలి? రాధామనోహరం! సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీరంగు, ఆపైన ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులు. ఒకే పాటలో మూడు కాస్ట్యూములు మార్చే హీరోయిన్‌కి ఇదే గురువేమో! అయితే ఇది జోరుగా అల్లుకుంటుంది, ఏటా కత్తెర వెయ్యాలి.

కాగితంపూల తీగ, అదే బోగన్‌విల్లా, బ్రెజిల్ నుంచి వచ్చిన గెస్ట్ ఆర్టిస్టు. మనం పూరేకులనుకునేవి నిజానికి రంగుమారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో చిన్న తెల్లటి గొట్టం. నీళ్ళు ఎక్కువ పోస్తే ఆకులు వేస్తుంది, ముఖం మాడ్చితే పూలు పూస్తుంది. విచిత్రమైన మనిషి! ముళ్ళుంటాయి గనుక బాటకి దూరంగా, ప్రహరీ మీదుగా ఉంచండి.

నీడపట్టున ఏం పెట్టాలి? నందివర్ధనం, కనకాంబరం ఉన్నాయి. ఇవి వేప పక్కన కూడా పాత్ర పోషిస్తాయి. క్రోటన్లకి మాత్రం వెలుతురు ఇవ్వండి, మరీ నీడలో వాటి రంగులు వెలిసిపోతాయి. స్నానాల గది నీళ్ళు బయటికి వచ్చే చోట మెట్టతామర, ఒక అరటి.

రాత్రి సీను సంగతి? 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే కెమెరాతో సృష్టించిన వెన్నెలని ఇప్పటికీ చెప్పుకుంటాం. మన ఇంటికి బార్ట్లేగారు రారు. తెల్లపువ్వులు వస్తాయి! రంగుపూలు చీకట్లో కనపడవు. నందివర్ధనం, మల్లె, పారిజాతం మసకవెన్నెల్లో కూడా మెరుస్తాయి. పారిజాతమైతే సంధ్యవేళ విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతుంది. దాని కింద మట్టి లేదా గడ్డి ఉంచండి, పొద్దున్నే ఏరుకోవచ్చు. రంగురంగుల బల్బులు కట్టే ఖర్చు మిగులుతుంది.

విలన్లు జాగ్రత్త

అందంగా ఉండి ముంచేవాళ్ళు తోటలోనూ ఉంటారు. గన్నేరు చూడండి, నీళ్ళు లేకపోయినా పూస్తుంది, పూజకీ వాడతాం. కానీ వేరు నుంచి పువ్వు దాకా మొత్తం విషం. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యాల్లో, ప్రసాదాల్లో ఈ పువ్వు వాడకం ఆపేసింది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది ముంగిట్లో వద్దు. చుక్కల ఆకుల డిఫన్‌బేకియా కూడా అంతే. నమిలితే నోరూ నాలుకా వాచిపోతాయి.

అశోకచెట్టని మనం వరసగా నాటే ఆ పొడుగాటి చెట్టు సీతమ్మవారు కూర్చున్న అశోకం కాదు! అది నరమామిడి. అసలు అశోకం వేరే ఉంది, నారింజ, ఎరుపు రంగుల గుత్తులతో పూస్తుంది. నరమామిడి విలనేమీ కాదు, డూప్. ఎత్తు పెరుగుతుంది కానీ నీడ తక్కువ.

ఎర్రగా మంటలా పూసే తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. పెద్ద మైదానానికి మహారాజు. చిన్న ముంగిట్లో మాత్రం గాలివానకి కొమ్మలు విరిచి కారు మీద వేస్తుంది. గబగబా పెరుగుతుందని అంటగట్టే కోనోకార్పస్ సంగతీ ఆలోచించుకోండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీని పెంపకాన్ని నిషేధించింది.

అసలు విలన్ మాత్రం మొక్క కాదు, కుండీ కింద పళ్ళెం! అందులో నిలిచిన నీళ్ళలో డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. వారం పదిరోజుల్లో కొత్త దోమలు ఎగురుతాయి. వారానికోసారి పళ్ళేలు బోర్లించి తుడవాల్సిందే.

మట్టి కిందనే అసలు కథ

కొత్తింటి ముందు మట్టి మట్టి కాదండీ! మేస్త్రీలు వదిలేసిన సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు, సున్నం, కంకర. పైన రెండంగుళాల ఎర్రమట్టి చల్లి "తోటకి రెడీ" అంటారు. మొక్క నాటిన ఆర్నెల్లకి ఆకులు పసుపుపచ్చ అయితే తెగులనుకుంటాం. తెగులు కాదు, సున్నం! మొక్కలు పెట్టే చోటల్లా కనీసం ఒకటిన్నర అడుగు తవ్వించి చెత్త తీయించండి. పెద్ద మొక్కకి రెండడుగుల గుంట. మంచి మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. మేస్త్రీ పని పూర్తి కాకముందే ఈ పని చేయిస్తే ఆ మనుషులే, ఆ ట్రాక్టరే తీసుకుపోతుంది.

ఇంకో రహస్యం. పూలమడిని ఇటుకలతో ఎత్తుగా కట్టడం మన అలవాటు. తిరగెయ్యండి! మడి బాట కంటే రెండు మూడంగుళాలు పల్లంగా ఉండాలి. అప్పుడు బాట మీద పడ్డ వాన కూడా మడిలోకి దిగుతుంది. ఇంటిగోడ దగ్గర నీళ్ళు నిలవకుండా వాలు మాత్రం వీధివైపుకి ఉంచండి. కారు నిలిపే చోట కూడా చక్రాలు నడిచే రెండు పట్టీలకే రాయి వేసి, మధ్యలో గరిక వదిలితే నాన్నగారికి బురదా ఉండదు, నేలకి నీళ్ళూ దిగుతాయి.

డాబా నీళ్ళ లెక్క వింటే నాన్నగారు కూడా కుర్చీ ముందుకి జరుపుతారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. నూట ఇరవై గజాల డాబా అంటే వంద చదరపు మీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే ఎనభైవేల లీటర్లు! ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. కొంత ఆవిరైపోయినా పన్నెండు, పదమూడు ట్యాంకర్లు మిగులుతాయి. ఆ నీళ్ళని గొట్టంతో వీధి కాలువలోకి వదిలి, మళ్ళీ వేసవిలో ట్యాంకరుకి ఫోన్ చేస్తాం. ముంగిట్లో ఒక ఇంకుడుగుంత తవ్విస్తే అదంతా మన నేలలోకే దిగుతుంది. మొత్తం సిమెంటు చేసిన ముంగిట్లో ఆ గుంతకి చోటేదీ?

క్లాప్ కొట్టేదెప్పుడు?

సంక్రాంతికి గృహప్రవేశం చేసి ఫిబ్రవరిలో మొక్కలు నాటి, ఏప్రిల్‌లో ఏడ్చేవాళ్ళు చాలామంది. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె వస్తుంది. ఒకటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. వేళ్ళు పట్టుకోవడానికి ఎనిమిది నెలలు టైము దొరుకుతుంది. వేసవిలో గుంటలు తవ్వి ఎండకి ఎండబెట్టి ఉంచుకుంటే ఇంకా మంచిది.

రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతాయి. చూసి రావడమే ఒక షికారు. కానీ అక్కడి మొక్కలు చాలావరకు పరదా నీడలో పెరుగుతాయి. తెచ్చిన రోజే ఎండలో నాటకండి. వారం పదిరోజులు చెట్టునీడలో, ఆపైన కొంచెం ఎండలో ఉంచి అలవాటు చెయ్యండి. పెళ్ళికూతుర్ని పుట్టింటి నుంచి తెచ్చినట్టు!

నాటాక రోజూ చెంబెడు చల్లడం కంటే, వేళ్ళు కాస్త పట్టాక రెండు మూడు రోజులకోసారి బాగా లోతుగా తడపండి. వేళ్ళు నీళ్ళు వెతుక్కుంటూ కిందికి వెళ్తాయి. రాలిన వేపాకు కాల్చకండి. మొక్కల మొదళ్ళ చుట్టూ, కాండానికి తగలకుండా, రెండు మూడంగుళాలు పరిస్తే తడి ఆరదు. చీపురు పని కూడా సగానికి తగ్గుతుంది.

కాబట్టి చెల్లెమ్మా, మేస్త్రీ వచ్చే లోపల ఒక కాగితం తీసుకో. నలభై, పదిహేను గళ్ళు గియ్యి. కారుకి చోటు, బాట, తులసికోట, మల్లె, వేప, నీ చిన్న గరిక ముక్క, ఇంకుడుగుంత అన్నీ అందులో పెట్టు. ట్యాంకర్ల లెక్క కింద రాయి. "చెట్టు కొట్టొద్దు నాన్నా" అని కన్నీళ్ళు పెట్టుకుంటే అది సెంటిమెంటు సీను, నాన్నగారు కరగొచ్చు, కరక్కపోవచ్చు. ఈ కాగితం మాత్రం ఆయన చదువుతారు. ఇంత కష్టపడి ఇల్లు కట్టిన మనిషికి లెక్క నచ్చకుండా ఉంటుందా? ఇంజనీరు వచ్చేదాకా ఒక్క వారం ఆగమను. అంతే అడుగు. చెట్టుకి ఇప్పుడు కావాల్సింది ఆ వారమే.

మిగతా పాఠకమిత్రులకి ఒక పని. అద్దెకున్నా, రెండో అంతస్తులో ఉన్నా, మీ గేటు పక్కన ఒక్క చదరపు గజం మట్టి కనబడితే కొలిచి, అక్కడ ఎండ ఎన్నిగంటలుంటుందో రాసి పంపండి. దానికి తగ్గ హీరోయిన్ ఎవరో వెతికే బాధ్యత ఈ పేజీది.

వచ్చే వారం మళ్ళీ ఇంటర్వెల్‌లో కలుద్దాం. బెల్లు కొట్టారు, పదండి!